ఎర్రగుడి బండ మీద జెనో శిష్యుడు

దస్తావేజు చేతికిస్తే నేను ముందు చూసేది చెక్కుబంది. తూర్పున ఎవరి చేను, పడమర ఏ వంక, ఉత్తరాన ఏ బండిబాట, దక్షిణాన ఎవరి దిన్నె. పత్తికొండ రిజిస్టరాఫీసు ముందర చెట్టు కింద పెట్టె పెట్టుకుని బతుకంతా రాసింది ఇదే. చెక్కుబంది తప్పితే ఆ ఆస్తి మనవళ్ల కాలం దాకా కోర్టులో నలుగుతుంది. ఆ అలవాటు కొద్దీ, ఎర్రగుడి బండల మీదున్న అశోకుడి 13వ శాసనానికి తెలుగు అర్థం మొదటిసారి చదివిననాడు నా కన్ను నేరుగా హద్దుల దగ్గరికి పోయింది. పడమర అంతియోకుడనే యవన రాజు. అతనికి అవతల తురమాయ, అంతికిని, మక, అలికసుందర అనే నలుగురు రాజులు. దక్షిణాన చోళులు, పాండ్యులు, ఆపైన తామ్రపర్ణి. లోపల, తన ఏలుబడిలోని జనంలో భోజులు, ఆంధ్రులు, పులిందులు. ఇంత పెద్ద చెక్కుబందిని నేనెక్కడా చూడలేదు.

ఆ ఐదుగురు యవనులూ ఎవరో చరిత్రకారులు తేల్చారు. అంతియోకుడు సిరియాను ఏలిన రెండో ఆంటియోకస్. తురమాయ ఈజిప్టు రాజు రెండో టోలెమీ. మక అంటే ఆఫ్రికా ఉత్తర తీరాన సైరీన్ నగరాన్ని ఏలిన మాగస్. అలికసుందరుడు ఎపైరస్ రాజు రెండో అలెగ్జాండర్ అని ఎక్కువమంది, కోరింత్ పాలకుడు అలెగ్జాండర్ అని కొందరు. వీళ్లందరూ ఒకే కాలంలో బతికున్న సంవత్సరాలు కొద్ది. ఆ లెక్కతోనే ఈ శాసనం క్రీ.పూ. 256 ప్రాంతంలో వేయించిందని తేలింది, మన దేశపు పాత చరిత్రకు తారీఖులు కుదిరాయి. రాజుల వంశావళులు, పురాణాలు ఇవ్వలేని ఆధారం పొరుగువాళ్ల పేర్లు ఇచ్చాయి.

మిగిలినవాడు అంతికిని. మాసిడోనియా రాజు ఆంటిగొనస్ గొనాటస్. నన్ను ఏళ్ల తరబడి వెంటాడింది ఇతడే. ఎందుకంటే ఇతడు ఏథెన్స్ వచ్చినప్పుడల్లా ఒక ముసలి విదేశీయుడి దగ్గర కూర్చుని పాఠం వినేవాడు. ఆ ముసలాయన పేరు జెనో. లోకం ఇవాళ స్టోయిక్ తత్వం అంటున్నదానికి ఆదిగురువు. అంటే ఆ తత్వం ఇంకా మొదటి తరంలో ఉండగానే, దాన్ని గురువు నోటి నుంచి నేరుగా విన్న రాజు పేరు మా తుగ్గలి మండలంలో, పశువులు మేసే గుట్ట మీద చెక్కారు. బండ అక్కడక్కడా పెచ్చులూడింది. గిర్నార్, కాల్సీ ప్రతులతో కలిపి చదువుకోవాలి. అయినా శాసనం అదే, వేయించిన రాజు ఒకడే.

గుత్తి నుంచి పత్తికొండకు వచ్చే దారిలో, గుత్తికి ఎనిమిది మైళ్ల దూరంలో ఈ గుట్ట. పక్కనే జొన్నగిరి. తొలకరి వాన పడిందంటే చాలు, జొన్నగిరి, తుగ్గలి చేలల్లో వజ్రాల కోసం జనం నేలకు కళ్లప్పగించి తిరుగుతారు. బంగారం కూడా ఇక్కడి మట్టిలో ఉంది. మౌర్యుల దక్షిణ రాజధాని సువర్ణగిరి ఈ జొన్నగిరేనని వాదించిన పండితులున్నారు. మస్కి, కనకగిరి అన్నవాళ్లూ ఉన్నారు. చిత్రదుర్గం జిల్లా బ్రహ్మగిరి శాసనంలో సువర్ణగిరి నుంచి రాజకుమారుడు, మహామాత్రులు పంపిన ఆజ్ఞ అని ఉంది, ఆ ఊరు ఎక్కడో మాత్రం లేదు. నా మనసు జొన్నగిరి వైపే మొగ్గుతుంది. సొంతూరి మీద ప్రేమ అనుకున్నా పరవాలేదు.

బంగారమూ వజ్రాలూ వెతికే చూపుకే ఈ అక్షరాలు దొరకడం కూడా ఈ నేల తీరే. 1915లో మస్కి శాసనం బంగారం గనుల ఇంజనీరు బీడన్ కంటపడింది. దాంట్లోనే అశోకుడనే పేరు మొదటిసారి సూటిగా అవుపించింది. ఎర్రగుడి శాసనాలు 1929లో ఒక భూగర్భ శాస్త్రజ్ఞుడి కంటపడ్డాయి. అంతకుముందు మాత్రం వాటిని ఎవరూ చూడలేదనడం సరికాదు, గొర్రెలు తోలుకుపోయిన ప్రతివాడూ చూసే ఉంటాడు. చదవగలిగినవాళ్లే వందల ఏళ్లుగా లేరు. బ్రాహ్మీ లిపిని జేమ్స్ ప్రిన్సెప్ విప్పింది 1837లో. ఎర్రగుడిలో 14 పెద్ద శాసనాలూ ఉన్నాయి, రెండు చిన్న శాసనాలూ ఉన్నాయి. అన్నీ ఒకేచోట ఉండటం అరుదు. ఇంకో ప్రతి, చిన్న శాసనాలది, మా పత్తికొండ పక్కనే రాజుల మందగిరిలో ఉంది, బాగా అరిగిపోయింది.

రాసేవాణ్ని కాబట్టి రాసినవాడి గురించి రెండు మాటలు చెప్పకుండా ఉండలేను. ఎర్రగుడి చిన్న శాసనంలో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు నడుస్తాయి. అశోకుడి శాసనాల్లో ఇట్లాంటి రాత ఇంకెక్కడా ఇంతగా లేదు. బ్రహ్మగిరిలో చపడ అనే లేఖకుడు తన పని పేరును మాత్రం వాయవ్యంలో వాడే ఖరోష్ఠి లిపిలో, కుడి నుంచి ఎడమకు రాసుకున్నాడు. ఇక్కడ చెక్కించినవాడు కూడా ఆ లిపికి అలవాటు పడిన చెయ్యేమో. 14వ శాసనం నాకు మరీ ఇష్టం. ఎక్కడైనా రాత అసంపూర్తిగా ఉంటే దానికి చోటు చాలకపోవడమో, లేఖకుడి తప్పో కారణం కావచ్చునని రాజే అందులో చెప్పాడు. ఎండలో, బోసి బండ మీద, తన భాష కాని ఊళ్లో కూర్చుని సుత్తి పట్టినవాడి చేతిని గుర్తుపెట్టుకున్న రాజు అతను.

ఇక జెనో దగ్గరికి పోదాం. సైప్రస్ దీవిలో సిటియం అనే రేవు పట్నం అతనిది. ఫినీషియన్లు ఎక్కువగా ఉండే ఊరు. క్రీ.పూ. 334 ప్రాంతంలో పుట్టాడు. నత్తల నుంచి తీసే ఊదా రంగు సరుకు ఓడలో వేసుకుని వస్తుంటే ఏథెన్స్ రేవు దగ్గర ఓడ మునిగిపోయింది. ఉన్నదంతా పోగొట్టుకుని నగరంలోకి వచ్చి ఒక పుస్తకాల అంగట్లో కూర్చున్నాడు. అంగడివాడు సోక్రటీసు గురించిన పుస్తకం చదువుతుంటే విని, ఇట్లాంటి మనుషులు ఎక్కడ దొరుకుతారని అడిగాడట. అప్పుడే వీధిలో క్రేటిస్ అనే బైరాగి పోతున్నాడు. అతని వెంట పొమ్మన్నాడు అంగడివాడు. జెనో పోయాడు.

క్రేటిస్ పెట్టిన మొదటి పరీక్ష పప్పుకుండతో. నిండుగా పప్పు వండిన కుండను ఇచ్చి బజారులో మోయమన్నాడు. వర్తకం చేసిన మనిషి, సిగ్గుపడి కుండను బట్టలో దాచుకోబోయాడు. గురువు కర్రతో కుండను బద్దలు కొట్టాడు. పప్పు కాళ్ల మీద కారుతుంటే జెనో పరుగు తీశాడు. ఎవరి ముందు ఎందుకు సిగ్గుపడుతున్నావు, నీకేమీ కీడు జరగలేదు గదా అన్నది గురువు పాఠం. ఆ తర్వాత క్రీ.పూ. 300 ప్రాంతంలో జెనో సొంతంగా చెప్పడం మొదలుపెట్టాడు. బడి కట్టలేదు. ఏథెన్స్ సంత మైదానం అంచున మారథాన్ యుద్ధం బొమ్మలు వేసిన ఒక వసారా ఉంది, గ్రీకులో స్టోవా అంటారు. అక్కడే అటూ ఇటూ నడుస్తూ చెప్పేవాడు. ఆ వసారా పేరే ఆ బోధకు నిలిచిపోయింది.

చెప్పింది ఏమంటే: మంచితనం ఒక్కటే నిజమైన మేలు, చెడ్డతనం ఒక్కటే నిజమైన కీడు. డబ్బు, పదవి, ఆరోగ్యం, చావు, ఇవన్నీ వచ్చేవి పోయేవి. వాటిని ఎట్లా తీసుకుంటామన్నదే మన చేతిలో ఉంది. మనుషులందరికీ వివేకం ఒకటే కాబట్టి అందరూ ఒకే ఊరివాళ్లు. జెనో తన పుస్తకంలో ఊళ్లూ జాతులూ వేరువేరుగా కాకుండా జనమంతా ఒకే బీడులో ఒకే కట్టు కింద మేసే మందలాగా బతకాలని రాశాడని ప్లూటార్క్ చెబుతాడు. పుస్తకం ఇప్పుడు లేదు. జెనో రాసినవి ఏవీ పూర్తిగా మిగల్లేదు. చెప్పినవాళ్లు చెప్పినదే మనకు ఆధారం.

ఆంటిగొనస్ ఇతన్ని తన రాజధాని పెల్లాకు రమ్మని పిలిచాడు. జెనో పోలేదు, ముసలితనం అన్నాడు. తనకు బదులు పెర్సియస్, ఫిలొనిడీస్ అనే ఇద్దరు శిష్యుల్ని పంపాడు. వాళ్ల మధ్య నడిచినట్టు చెప్పే ఉత్తరాల్ని ఐదు వందల ఏళ్ల తర్వాత డయోజెనిస్ లేర్షియస్ తన పుస్తకంలో ఎక్కించాడు. అవి ఎవరో తర్వాత కల్పించినవని పండితులు అంటారు. చదివితే నాకూ అట్లాగే అనిపించింది. నిజమైన ఉత్తరంలో పని మాట ఉంటుంది, వీటిలో పొగడ్త తప్ప ఏమీ లేదు. పిలిచిన మాట, పోని మాట, ఇద్దరు శిష్యులు పోయిన మాట మాత్రం నిజమేనని ఒప్పుకుంటారు. వాళ్లలో పెర్సియస్‌కు రాజు కోరింత్ కోటను అప్పగించాడు. క్రీ.పూ. 243లో అరాటస్ అనేవాడు రాత్రికి రాత్రి ఆ కోటను కొట్టేశాడు. తత్వం చదివినవాడు కోట కాపాడలేకపోయాడని గ్రీకులు చాలాకాలం చెప్పుకున్నారు.

శిష్యుడు రాజయినంత మాత్రాన రాజ్యం మెత్తబడలేదన్నది కూడా చెప్పాలి. క్రీ.పూ. 267 నుంచి ఏథెన్స్ ఇతని మీద తిరగబడింది. ఇతను నగరాన్ని చుట్టుముట్టి, తిండి లేకుండా చేసి లొంగదీశాడు. ఆ రోజుల్లోనే, 262 ప్రాంతంలో, జెనో చనిపోయాడు. ఏథెన్స్ ప్రజలు ఆ విదేశీయుడికి బంగారు కిరీటం, ఊరి ఖర్చుతో సమాధి ఇచ్చారు.

జెనో వసారాను తర్వాత నడిపింది క్లియాంథిస్. ఈయన కథ వింటే మా సీమ మనిషికి కడుపులో దేవినట్టు అవుతుంది. ముష్టియోధుడు. నాలుగు ద్రాక్మలతో ఏథెన్స్ చేరాడు. పగలు పాఠం, రాత్రి తోటలకు బావిలోంచి నీళ్లు తోడటం. కాగితం కొనే స్తోమత లేక గురువు మాటల్ని పెంకుల మీద, ఎద్దు ఎముకల మీద రాసుకునేవాడు. పగలంతా ఊరికే కూర్చునేవాడు ఇంత కండ ఎట్లా పెంచాడని అనుమానించి పెద్దల సభ పిలిపించింది. తోటమాలినీ, పిండి అమ్మే మనిషినీ సాక్ష్యం తెచ్చాడు. సభ సంతోషించి పది మినాల సొమ్ము ఇస్తానంటే, తీసుకోవద్దన్నాడు జెనో. మా నాయన కపిల తోలినవాడు. తెల్లారుజామున నాలుగు గంటలకు ఎద్దుల్ని కట్టి, ఎండెక్కేదాకా బావి గట్టున ముందుకూ వెనక్కూ నడిచేవాడు. నీళ్లు తోడిన మనిషికి రాత్రి ఏపాటి సత్తువ మిగులుతుందో నాకు తెలుసు. ఆ మిగిలిన సత్తువతో ఒకడు లోకం ఎట్లా నడుస్తుందో ఆలోచించాడంటే నేను చేతులెత్తి మొక్కుతాను.

జెనో నోట మన దేశం మాట కూడా ఒకటి ఉంది. క్రీ.పూ. 326లో అలెగ్జాండర్ తక్షశిలకు వచ్చినప్పుడు దిగంబర సన్యాసులతో మాట్లాడటానికి ఒనెసిక్రిటస్ అనే తన మనిషిని పంపాడు. ఆ సన్యాసుల్లో ఒకడు, గ్రీకులు కలానస్ అన్న పెద్దాయన, సైన్యం వెంట పారసీక దేశం దాకా పోయాడు. అక్కడ జబ్బు పడి, చితి పేర్పించుకుని, సైన్యమంతా చూస్తుండగా కదలకుండా కాలిపోయాడు. ఈ కథ ఒక తరం పాటు గ్రీకు ఊళ్లన్నీ తిరిగింది. నొప్పి గురించి వాదాలన్నీ నేర్చుకోవడం కంటే అట్లా కాలే ఒక్క భారతీయుణ్ని చూడటం మేలు అని జెనో అన్నాడట. అలెగ్జాండ్రియా క్లెమెంట్ రాసిపెట్టాడు. అంటే ఏథెన్స్ వసారాలో ఒక భారతీయుడి చావు ముచ్చట, పత్తికొండ సీమలో వసారా శిష్యుడి పేరు. ఈ రెండు మాటలే అటూ ఇటూ దాటాయి. అంతకు మించి ఎవరి తత్వం ఎవరికీ సరిగ్గా చేరలేదు. అశోకుడు ఆ రాజ్యాల్లో ధర్మం గెలిచిందని బండ మీద రాయించాడు గానీ, అతని పేరు చెప్పిన గ్రీకు రచయిత ఒక్కడూ లేడు. స్టోయిక్కులు బుద్ధుడి దగ్గర నేర్చారనీ, మనవాళ్లు గ్రీకుల దగ్గర నేర్చారనీ రాసే పుస్తకాల్ని నేను నమ్మను. సాక్షి సంతకం లేని దస్తావేజు అది.

నేర్చుకోకుండానే ఒకే మాట దగ్గరికి వచ్చారన్నదే నాకు ఇంకా ఆశ్చర్యం. ఆంటిగొనస్ కొడుకు ఒకసారి ప్రజల మీద దౌర్జన్యం చేస్తుంటే, మన రాజరికం గౌరవంగా కనిపించే దాస్యమే నాయనా, అది తెలియదా అన్నాడట తండ్రి. ఏలియన్ అనే రచయిత చెప్పిన కథ. ఎర్రగుడి 6వ శాసనంలో అశోకుడు, తాను తింటున్నా, అంతఃపురంలో ఉన్నా, తోటలో ఉన్నా జనం పని తనకు చేరవేయాల్సిందేనని ఆజ్ఞ ఇచ్చి, తన పాటంతా జీవులకు ఉన్న రుణం తీర్చుకోవడానికేనంటాడు. ఒకడు దాస్యం అన్నాడు, ఇంకొకడు అప్పు అన్నాడు. ఇద్దరూ ఒకే తరంలో, ఒకరి పేరు ఒకరి శాసనంలో ఉన్న రాజులు. 12వ శాసనం పరమతాన్ని తక్కువ చేయకుండా నాలుకను అదుపులో పెట్టుకోమంటుంది. కాందహార్‌లో 1963లో దొరికిన గ్రీకు ప్రతిలో ఆ భాగం ఉంది. దాన్ని గ్రీకులోకి మార్చినవాడు తత్వం చదువుకున్న మనిషి, ఏథెన్స్ గురువుల భాషలోనే చెప్పాడు. ఆ రాయిని జెనో మనవడి వయసువాడు ఒకడు చదివి ఉంటే పరాయి మాట అనుకుని ఉండడు.

ఒక మధ్యాహ్నం ఎర్రగుడి బండ దగ్గర కూర్చుని ఉంటే మేకల్ని తోలుకుంటూ వచ్చిన మనిషి గొంగడి కింద పెట్టి పక్కనే కూర్చున్నాడు.

"ఏం రాసిండారు సామీ దాంట్లో? నిధి గిట్ల ఉండాదా?"

"నిధి లేదప్పా. అమ్మానాయన చెప్పినట్టు వినమని, పెద్దోళ్లకు మర్యాద ఇయ్యమని, పానముండే వాటి మీద దయ పెట్టుకోమని, నిజమే మాట్లాడమని రాసినాడు రాజు."

"ఇది మా అవ్వ గూడా చెప్పేది గదా సామీ. దీనికి రాజు యాల?"

ఆ చిన్న శాసనమే అతనికి జవాబు చెబుతుంది. ఇది పాతకాలం నుంచి వస్తున్న పద్ధతి, చాలాకాలం నిలిచేది అని రాజే అందులో ఒప్పుకున్నాడు. ఆ మాటను పల్లె జనానికి చాటించే పని రజ్జుకులనే అధికారులకు పెట్టాడు. ఏనుగులు ఎక్కేవాళ్లు, లేఖకులు, రథాలు నేర్పేవాళ్లు, బ్రాహ్మణ గురువులు తమ దగ్గర నేర్చుకునేవాళ్లకు ఇదే చెప్పాలన్నాడు. మొదటి చిన్న శాసనంలో ఇంకో మాట. గొప్పవాడే కాదు, చిన్నవాడు కూడా పాటుపడితే స్వర్గం అందుకోవచ్చునట. బతుకంతా చిన్నవాడిగానే ఉన్న నేను ఆ పంక్తి దగ్గర ప్రతిసారీ ఆగుతాను. వసారా బోధ కూడా ఇదే. బానిసకూ చక్రవర్తికీ మంచితనం ఒకే దూరంలో ఉంటుంది.

తేడాలు కూడా ఉన్నాయి. పశువులకు వివేకం లేదు కాబట్టి వాటి విషయంలో న్యాయం అన్న ప్రశ్నే లేదన్నారు స్టోయిక్కులు. పందికి ప్రాణం ఉన్నది మాంసం చెడకుండా ఉప్పులాగా పనిచేయడానికేనని క్లియాంథిస్ తర్వాత వచ్చిన క్రైసిపస్ అన్నాడట. అంత పదునైన బుద్ధికి ఆ మాట తగలేదు. ఎర్రగుడి మొదటి శాసనంలో, రాజు వంటశాలలో ఒకప్పుడు రోజూ లక్షల ప్రాణులు తెగేవి, ఇప్పుడు రెండు నెమళ్లు, ఒక జింక, అవి కూడా ఇకముందు ఉండవని ఉంది. ఇంత ఇంటి లెక్క బండకెక్కించిన రాజు ఇంకొకడు నాకు తెలియదు. రెండోది మనుషులకూ పశువులకూ వైద్యం, దారుల వెంట బావులు, చెట్లు. బావి మాట ఈ నేల మీద ఊరికే చదివి వదిలేసేది కాదు. 1827 జులై 6న మద్రాసు గవర్నరు థామస్ మన్రో పర్యటనలో ఉండగా పత్తికొండ గుడారంలో కలరాతో చనిపోతే, ఆయన జ్ఞాపకంగా ఇక్కడ సర్కారు చేయించింది కూడా ఒక బావి, ఒక తోపు. రెండు వేల ఏళ్లు గడిచినా ఈ దారిన పోయేవాడికి కావలసింది అదే.

అసలు తేడా 13వ శాసనం మొదట్లో ఉంది. పట్టాభిషేకం అయిన ఎనిమిదేళ్లకు కళింగం గెలిచాడు. 1,50,000 మందిని అక్కడి నుంచి తరలించారు, 1,00,000 మందిని చంపారు, దానికి ఎన్నో రెట్లు చనిపోయారు. దానికి తాను పశ్చాత్తాపపడుతున్నానని రాజు రాయించాడు. స్టోయిక్ జ్ఞాని పశ్చాత్తాపపడడు, ఎందుకంటే తప్పు చేయడు. జాలి కూడా వాళ్ల లెక్కలో మనసుకు పట్టే రోగమే. దుఃఖంలో కదలకుండా నిలబడటం వాళ్లు నేర్పినంత బాగా ఇంకెవరూ నేర్పలేదు. కానీ తానే దుఃఖం కలిగించినవాడు ఎట్లా నిలబడాలో ఆ వసారాలో పాఠం లేదు. ఏథెన్స్‌ను ఆకలితో మాడ్చిన ఆంటిగొనస్ అందుకు బాధపడ్డాడని ఎక్కడా లేదు. జెనో పోయాక తనకు మెప్పించాల్సిన మనిషి లేకుండా పోయాడని మాత్రం బాధపడ్డాడట. ఈ ఒక్కచోట నేను బండ పక్షాన నిలుస్తాను.

అట్లాగని బండను మోసేయను. పశ్చాత్తాపం చెప్పిన ఆ శాసనంలోనే, అడవి జనాన్ని ఉద్దేశించి, బాధపడుతున్నా తన చేతిలో బలం ఉందనీ, బుద్ధిగా ఉండకపోతే చంపాల్సి వస్తుందనీ హెచ్చరిక ఉంది. పులిందులు ఇక్కడివాళ్లే అయితే ఆ మాట వాళ్ల గుండెల్లో ఎట్లా దిగిందో. ఇంకొకటి. కళింగంలోనే, ధౌలి, జౌగడల్లో, ఈ 13వ శాసనం లేదు. దాని బదులు ప్రజలందరూ తన బిడ్డలని చెప్పే వేరే శాసనాలు వేయించాడు. ఎవరికి కీడు జరిగిందో వాళ్ల గడప దగ్గర ఆ ఒప్పుకోలు లేదు. మా దగ్గర ఉంది, గిర్నార్‌లో ఉంది, కాందహార్‌లో ఉంది. కళింగులకు చెప్పి ఉండాల్సిందని నాకు గట్టిగా అనిపిస్తుంది.

బాధ పడినవాడి మాట కావాలంటే మళ్లీ స్టోయిక్కుల దగ్గరికే పోవాలి. అశోకుడి తర్వాత మూడు వందల ఏళ్లకు, ఇప్పటి తుర్కీలోని హైరాపొలిస్‌లో ఒక బానిస పుట్టాడు, ఎపిక్టెటస్. రోములో నీరో చక్రవర్తి కార్యదర్శి దగ్గర పనిచేశాడు. కుంటివాడు. యజమాని కాలు మెలిపెడుతుంటే విరుగుతుందని చెప్పాడట, విరిగాక చెప్పాను గదా అన్నాడట. జబ్బు వల్లే కుంటి అన్నవాళ్లూ ఉన్నారు. విడుదలయ్యాక తత్వం చెప్పుకుంటుంటే డొమీషియన్ చక్రవర్తి తత్వవేత్తలందరినీ రోము నుంచి వెళ్లగొట్టాడు. ఎపిక్టెటస్ పోయి నికొపొలిస్‌లో బడి పెట్టాడు. ఆ ఊరు ఎపైరస్‌లో ఉంది, బండ మీది అలికసుందరుడు ఏలిన నేల. తాను ఒక్క ముక్కా రాయలేదు. అరియన్ అనే శిష్యుడు విన్నది విన్నట్టు రాసుకున్నాడు. కలానస్ చితి కథను మనకు వివరంగా అందించినవాడూ ఆ అరియనే. కాళ్లకు సంకెల వేయగలవు గానీ నా ఇష్టానికి వేయలేవన్నది ఎపిక్టెటస్ బోధ సారం. దాన్ని రాత్రిపూట గుడారంలో చదువుకున్న చక్రవర్తి మార్కస్ అరీలియస్.

వేమన తిరిగిన నేల మాది. ఎపిక్టెటస్ మాట వినగానే మావాళ్లకు తెలిసిన గొంతులాగే ఉంటుంది. అయినా ఓర్చుకో అన్న మాట బాధ పడేవాడు తనకు తాను చెప్పుకుంటేనే చెల్లుతుంది, బాధ పెట్టినవాడు చెప్పడానికి వీల్లేదు. అందుకే నాకు ఎపిక్టెటస్ కావాలి, బండ కూడా కావాలి. వానలు తప్పిన ఏడు మా పడమటి మండలాల నుంచి జనం సుగ్గికి పోతారు. పిల్లల్నీ సామాన్లనూ ఎత్తుకుని గుంటూరు వైపు మిరప కోతకు, పత్తి తీతకు. ముసలివాళ్లు ఇళ్లకు కాపలా. మార్కెట్లో టమాట ధర పడిపోయి గంపలు రోడ్డు మీద కుమ్మరించిన రైతు కూడా ఒక్కోసారి వాళ్లలో ఉంటాడు. పోయే ముందు చేను కుదువ పెట్టడానికి నా దగ్గరికే వచ్చేవాళ్లు. ఓర్పు వాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు.

అందుకేనేమో, 13వ శాసనంలో చచ్చిన లక్షమంది కంటే తరలించిన లక్షా యాభై వేలమంది దగ్గరే నేను ఎక్కువసేపు ఉంటాను. వాళ్లను ఎక్కడికి తీసుకుపోయారో శాసనంలో లేదు. బీడు భూముల్ని సాగులోకి తేవడానికి వాళ్లను వాడి ఉంటారని కొందరు చరిత్రకారుల ఊహ. రాజు బాధ బండ మీద ఉంది. వాళ్లలో ఒక్కరి పేరు, ఒక్కరి ఊరు, ఒక్కరి చేను చెక్కుబంది ఎక్కడా లేవు. వాళ్ల మధ్య కూడా రాత్రిపూట పరాయివాడి తోటకు నీళ్లు తోడి, మిగిలిన సత్తువతో ఇది ఎందుకు జరిగిందని ఆలోచించిన మనిషి ఒకడైనా ఉండే ఉంటాడు. అతని పక్కన కూర్చుని పెంకు మీద రాసుకున్న అరియన్ మాత్రం లేడు.